పన్ను మొగ్గ ఎక్కడ ఆగిపోయింది? చిట్టెలుక పిండాలు బయటపెట్టిన జీన్ల సంగతి

చిట్టెలుక నోట్లో పళ్ళు సరిగ్గా 16. పై దవడకు రెండు, కింది దవడకు రెండు ముందు పళ్ళు, వెనక పైనా కిందా ఒక్కో పక్కన మూడేసి దవడ పళ్ళు, ఆ రెంటికీ మధ్య బోసి చిగురు, అంతే. కోరపళ్ళు లేవు, పాలపళ్ళు ఊడి కొత్తవి రావడమనే గొడవా లేదు. ఇంత సాదాసీదా నోరు కాబట్టే పన్ను ఎలా పుడుతుందో తెలుసుకోవాలనుకున్న పరిశోధకుల్లో ఎక్కువమంది దీన్నే పట్టుకున్నారు. ఒక్క పన్ను తగ్గినా పెరిగినా లెక్కలో ఇట్టే దొరికిపోతుంది. పైగా పిల్ల తల్లి కడుపులో ఉండేది 19, 20 రోజులే, ఏ జీన్ తీసేస్తే ఏమవుతుందో చూడటానికి నెలల తరబడి కాచుకుని కూర్చోనక్కర్లేదు.

జీన్ పాడైతే పన్ను రాదు అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. అబద్ధం కాదు గానీ, అసలు సంగతి అందులో లేదు. పన్నును తయారుచేసే జీన్ అంటూ విడిగా ఒకటి లేదు. ఎదుగుతున్న పంటి మొగ్గలో పనిచేసే జీన్లు 300కు పైగా లెక్కకొచ్చాయి, వాటిలో చాలావాటికి వెంట్రుకల్లోనో అంగిట్లోనో ఎముకల్లోనో పేగుల్లోనో వేరే ఉద్యోగాలున్నాయి. పన్ను పుట్టడమంటే రెండు కణజాలాల మధ్య రోజుల తరబడి నడిచే మాటామంతీ, మ్యుటేషన్, అంటే జీన్‌లో వచ్చే మార్పు, చేసేదల్లా దాన్ని ఎక్కడో ఒకచోట తెంపడమే. ఎక్కడ తెగింది, ఏ రోజున తెగింది, పూర్తిగా తెగిందా సగమే తెగిందా అన్నదాన్ని బట్టి పళ్ళు అసలే రాకపోవచ్చు, వెనకవి మాత్రమే పోవచ్చు, ఆకారం చెడిపోవచ్చు, ఒక్కోసారి ఉండాల్సిన దానికన్నా ఎక్కువే రావచ్చు.

ఆ రెండు కణజాలాల్లో ఒకటి నోటి లోపలి పైపొర, దీన్ని ఎపిథీలియం అంటారు, ఎనామిల్ వేసే కణాలు దీన్నుంచే వస్తాయి. రెండోది దాని కింద మెత్తగా పరుచుకుని ఉండే మెసెన్‌కైమ్. తయారవుతున్న మెదడు అంచుల నుంచి బయల్దేరి దవడలోకి వలస వచ్చిన న్యూరల్ క్రెస్ట్ కణాలివి, ఎనామిల్ కింద గట్టిగా ఉండే డెంటిన్, పంటి గుజ్జు, వేరు చుట్టూ ఉండే పొర వీటి చలవే. పిండానికి 11వ రోజు వచ్చేసరికి పన్ను రావాల్సిన చోట పైపొర కాస్త దళసరి అవుతుంది. 12, 13 రోజుల్లో అది కిందికి దిగి మొగ్గలా ఉబ్బుతుంది, దాని చుట్టూ మెసెన్‌కైమ్ కణాలు గుమిగూడతాయి. 14వ రోజు దాటాక మొగ్గ అంచులు కిందికి వంగి టోపీలా, 16 దాటాక గంటలా మారతాయి. పుట్టే సమయానికి గట్టిపడటం అప్పుడప్పుడే మొదలవుతుంది, చిగురు చీల్చుకుని దవడ పన్ను బయటికొచ్చేది పుట్టిన రెండు వారాలు దాటాకే. అంటే ఒక పన్ను భవిష్యత్తు దాదాపుగా తేలిపోయేది, పన్ను అనదగ్గదేదీ కంటికి కనపడక ముందే.

మరి ఈ ఇద్దరిలో ముందు నోరు విప్పేది ఎవరు? 1980ల్లో జరిగిన కణజాల మార్పిడి ప్రయోగాలు దీన్ని తేల్చాయి. 11వ రోజుకు ముందున్న దవడ పైపొరను తీసి, పళ్ళు ఎప్పుడూ రాని వేరే చోటి మెసెన్‌కైమ్ మీద పెడితే అక్కడ పన్ను వచ్చింది. అదే 12వ రోజు దాటాక చేస్తే రాలేదు. అప్పటికి పెత్తనం చేతులు మారిపోయింది, ఇక మెసెన్‌కైమే పన్ను రాని చోటి పైపొరకు కూడా పన్ను కట్టడం నేర్పగలదు. ఈ చేతులు మారడం ఒక్క రోజు అటూ ఇటూగా జరిగిపోతుంది. మ్యుటేషన్ల కథంతా అర్థం కావాలంటే ఈ ఒక్క విషయం పట్టుకుంటే చాలు: ఒకే జీన్ 11వ రోజున లేకపోవడం వేరు, 14వ రోజున లేకపోవడం వేరు.

ఇప్పుడు 1994లోకి వెళ్దాం. సాటొకటా, మాస్ అనే ఇద్దరు పరిశోధకులు ఎంఎస్ఎక్స్1 అనే జీన్ రెండు ప్రతులూ, అంటే తల్లి నుంచి వచ్చినదీ తండ్రి నుంచి వచ్చినదీ, పనిచేయకుండా చేసిన ఎలుకల్ని తయారుచేశారు. ఆ పిల్లలకు అంగిలి చీలిపోయింది, పుట్టిన కాసేపటికే చనిపోయాయి, నోట్లో పళ్ళు లేవు. పిండాల్ని కోసి చూస్తే మొగ్గలు మాత్రం ఉన్నాయి! దళసరి కావడం, కిందికి దిగడం, ఉబ్బడం అన్నీ సవ్యంగా జరిగి, టోపీగా మారాల్సిన చోట బండి ఆగిపోయింది. ఇందులో తమాషా ఏమిటంటే, ఆగింది పైపొర మొగ్గ, కానీ ఈ జీన్ పనిచేసేది దాని కింది మెసెన్‌కైమ్‌లో. తప్పు ఒకరిది, శిక్ష ఇంకొకరికి. మామూలుగా పైపొర నుంచి బీఎంపీ4 అనే ప్రోటీన్ సంకేతం కిందికి వస్తుంది, దాన్ని అందుకున్న మెసెన్‌కైమ్ ఎంఎస్ఎక్స్1 సాయంతో తానూ బీఎంపీ4 తయారుచేసి తిరిగి పైకి పంపుతుంది, ఆ జవాబు అందితేనే మొగ్గ ముందుకు కదులుతుంది. ఎంఎస్ఎక్స్1 లేకపోతే జవాబు రాదు. ఊహ కాదిది: 1996లో అలాంటి ఆగిపోయిన మొగ్గలకు ప్రయోగశాలలో బయటి నుంచి బీఎంపీ4 అందిస్తే మళ్ళీ కదిలాయి. ఇటుకలు, సిమెంటు అన్నీ ఉన్నా కబురు అందక ఆగిపోయిన ఇల్లు లాంటిదన్నమాట.

పీఏఎక్స్9 అనే జీన్‌దీ ఇంచుమించు ఇదే కథ, 1998లో బయటపడింది, అదీ మొగ్గ దశలోనే ఆగుతుంది, అదీ మెసెన్‌కైమ్‌లోనే పనిచేస్తుంది. ఈ రెండు జీన్ల ప్రోటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని కలిసి బీఎంపీ4 జీన్‌ను నడిపిస్తాయని తర్వాత తేలింది కాబట్టి ఇద్దరి వాటం ఒకేలా ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఎల్ఈఎఫ్1 అనే మూడో జీన్ లేని ఎలుకల్లోనూ మొగ్గ దగ్గరే ఆగుతుంది, కానీ అక్కడ తెగిన తీగ వేరే. పైపొరలో డబ్ల్యూఎన్‌టీ అనే సంకేతాన్ని అందుకుని ఎఫ్‌జీఎఫ్4 అనే ప్రోటీన్‌ను పుట్టించడం దీని పని. 2002లో ఆ ప్రోటీన్‌లో నానబెట్టిన చిన్న పూస ఒకటి ఆగిపోయిన మొగ్గ పక్కన పెడితే చాలు, జీన్ లేకుండానే పన్ను ఎదిగింది. బయటికి చూస్తే మూడు మ్యుటేషన్లూ ఒకే చోట ఆగాయి, లోపల మాత్రం తెగిన తీగలు ఒకటి కావు. పళ్ళు లేవు అన్న ఒక్క లక్షణం చూసి ఏ జీన్ పోయిందో చెప్పబోవడం అందుకే ప్రమాదం.

అసలు అందరూ మొగ్గ దగ్గరే ఎందుకు ఇరుక్కుంటారు? మొగ్గ టోపీగా మారే ఆ వేళకి దాని కొసన ఎనామిల్ నాట్ అనే చిన్న కణాల ముడి ఏర్పడాలి. ఈ కణాలు తాము విభజన చెందడం మానేసి, చుట్టూ ఉన్నవాటిని విభజన చెందమని ఎఫ్‌జీఎఫ్4, ఎస్‌హెచ్‌హెచ్ లాంటి సంకేతాలు పంపుతూ ఉంటాయి. మధ్యలో కదలిక లేదు, చుట్టూ పెరుగుదల, దాంతో అంచులు వంగి టోపీ తయారవుతుంది. పని అయిపోగానే ఈ ముడి కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. ఇది కేవలం ఆకారం కాదు, సంకేతాలు పంపే కేంద్రం అని 1990ల్లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీకి చెందిన యెర్న్‌వాల్, థెస్లెఫ్ బృందం చూపించింది. దవడ పళ్ళలో తర్వాత ఇలాంటి చిన్న ముడులు మరికొన్ని పుడతాయి, ఎన్ని ముడులు పుడితే నమిలే ఉపరితలం మీద అన్ని గుబ్బలు. పంటి ఆకారమంతా ఈ ముడుల లెక్కే, దీని గురించి ఎంత చెప్పినా తక్కువే.

ఇంతవరకూ చెప్పినవి అన్ని పళ్ళనూ ఆపే మ్యుటేషన్లు. వీటికన్నా ఆలోచింపజేసేవి కొన్ని పళ్ళనే ఎంచుకుని ఆపేవి. డీఎల్ఎక్స్1, డీఎల్ఎక్స్2 అనే జీన్లు రెండూ కలిపి తీసేస్తే పైన వెనకుండే దవడ పళ్ళు మాత్రమే రావు. ముందు పళ్ళు బాగానే ఉంటాయి, కింది దవడ పళ్ళూ బాగానే ఉంటాయి, పైన పన్ను రావాల్సిన చోట మృదులాస్థి ముక్క కనిపిస్తుంది. దీనికి సరిగ్గా తిరగేసినట్టు, యాక్టివిన్ బీటా ఏ అనే జీన్ లేకపోతే ముందు పళ్ళు పోతాయి, కింది దవడ పళ్ళు పోతాయి, పై దవడ పళ్ళు మాత్రం ఏమీ ఎరగనట్టు వచ్చేస్తాయి. ఈ రెండు ఎలుకల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే దవడలో ఒక్కో చోటి పంటికి ఒక్కో రకం అనుమతి కావాలని అర్థమవుతుంది, పైదీ కిందదీ చూడటానికి ఒకేలా ఉన్నా సరే. ఎఫ్‌జీఎఫ్8 విషయంలోనూ అంతే. ఇది మొత్తం పిండంలో లేకపోతే పళ్ళ దాకా రాకముందే పిండం చచ్చిపోతుంది కాబట్టి, ఒక్క దవడ భాగంలోనే జీన్‌ను కత్తిరించే పద్ధతి వాడి చూశారు. దవడలో చాలా భాగంతో పాటు దవడ పళ్ళు పోయాయి, ముందు పళ్ళున్న కొస మిగిలింది.

ఏ పన్ను ఎక్కడ అన్నది కూడా మార్చొచ్చా? మార్చారు, 1998లో. దవడ ముందు భాగంలో పైపొర నుంచి వచ్చే బీఎంపీ4, దవడ పన్నుకు గుర్తు లాంటి బీఏఆర్ఎక్స్1 జీన్‌ను అక్కడ అణచిపెడుతుంది. 10వ రోజు పిండం దవడ తీసి, బీఎంపీ4ను అడ్డుకునే నాగిన్ అనే ప్రోటీన్ పూసల్ని ముందు భాగంలో పెట్టారు. బీఏఆర్ఎక్స్1 అక్కడా మేలుకుంది, ముందు పన్ను రావాల్సిన చోట దవడ పన్ను వచ్చింది. ఇందులో జీన్ ఏదీ మార్చలేదు సుమా, జీన్ల మధ్య కబురును కాసేపు అడ్డుకున్నారు అంతే.

ఇక మోతాదు విషయం. మనుషుల్లో పీఏఎక్స్9 ఒక్క ప్రతి పాడైతే చాలు, ముఖ్యంగా దవడ పళ్ళు కొన్ని రావు. 2000లో ఒక కుటుంబంలో ఈ మ్యుటేషన్ బయటపడింది. ఎంఎస్ఎక్స్1 కూడా అంతే, 1996లో చదివిన కుటుంబంలో దవడ పళ్ళకు ముందుండే అగ్రచర్వణకాల్లో రెండోవి, జ్ఞానదంతాలు లేవు. ఎలుకలో మాత్రం ఈ రెంటిలో ఏ ఒక్కదానికి ఒక ప్రతి పోయినా పళ్ళకు ఏమీ కాదు, సగం సరుకుతో బండి లాగించేస్తుంది. అలాగని మోతాదుతో పని లేదని కాదు. పీఏఎక్స్9ను సగానికన్నా ఇంకా తగ్గిస్తూ పోతే ముందుగా పోయేది మూడో దవడ పన్ను. రెండు జీన్లలోనూ ఒక్కో ప్రతి తీసేసిన ఎలుకల్లో కింది ముందు పళ్ళు కూడా రాకుండా పోతాయి. వరసలో ఆఖరున పుట్టేవాడి మీదే కరువు ముందు పడుతుంది అన్నట్టుగా, మూడో దవడ పన్ను చాలా మ్యుటేషన్లలో మొదటి బలి. 2007లో తేలిన ఒక విషయం దీన్ని కాస్త విప్పి చెబుతుంది: మొదటి దవడ పన్ను తన వెనక పుట్టబోయే దాన్ని అణచిపెడుతూ ఉంటుంది, ఆ వెనక తోకను కత్తిరించి విడిగా పెంచితే రెండోది ముందుగానే మొదలై పెద్దగా ఎదిగింది. కాబట్టి వెనక పన్ను పోవడానికి దాని సొంత లోపమే ఉండాలని లేదు.

మోతాదుకు అన్నిటికన్నా మంచి ఉదాహరణ ట్యాబీ ఎలుక. ఈ రకం 1950ల తొలినాళ్ళ నుంచే ప్రయోగశాలల్లో ఉంది. జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటంతో ఒక్క ప్రతి పాడైన ఆడ ఎలుకలకు బొచ్చు మీద చారలుంటాయి, పేరు అందుకే. వీటికి వెంట్రుకలు తేడా, చెమట గ్రంథులు లేవు, మూడో దవడ పన్ను తరచూ రాదు, వచ్చిన దవడ పళ్ళు చిన్నగా, గుబ్బలు తగ్గి ఉంటాయి. డౌన్‌లెస్, క్రింకిల్డ్ అని ఇంకో రెండు రకాల ఎలుకలు, వేరే క్రోమోజోముల మీద వేరే జీన్లు పాడైనవి, చూడటానికి అచ్చం ఇలాగే ఉండేవి. ఎందుకో తర్వాత తెలిసింది: ట్యాబీలో పోయింది ఈడీఏ అనే సంకేతం, డౌన్‌లెస్‌లో పోయింది దాన్ని అందుకునే గ్రాహకం, క్రింకిల్డ్‌లో పోయింది గ్రాహకం నుంచి కణం లోపలికి కబురు మోసే ప్రోటీన్. ఒకే దారిలో మూడు చోట్ల గండి పడితే ఊరికి నీళ్ళు రాకపోవడం ఒకేలా ఉంటుంది కదా.

ఇదే జీన్ లోపంతో మనుషుల్లో వచ్చే జబ్బు గురించి డార్విన్ 19వ శతాబ్దంలోనే రాశాడు. సింధ్‌లోని ఒక కుటుంబంలో నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్ళకు ముందు పళ్ళు నాలుగే, అవీ చిన్నవి, ఒంటి మీద వెంట్రుకలు చాలా తక్కువ, ఎండాకాలంలో చర్మం ఆరిపోయి నానా అవస్థ. జీన్ దొరికింది 1996లో. 2003లో గర్భంతో ఉన్న ట్యాబీ ఎలుకలకు ఈడీఏ ప్రోటీన్ ఇస్తే పుట్టిన పిల్లలకు వెంట్రుకలు, చెమట గ్రంథులు, పళ్ళు చాలావరకు సరయ్యాయి, ఆ తర్వాత జీవితాంతం మళ్ళీ మందు ఇవ్వాల్సిన పని లేకుండా. జీన్ మాత్రం పాడైనట్టే ఉంది! అవసరమైన ఆ కొద్ది రోజుల్లో కబురు అందింది, చాలు. 2018లో జర్మనీలోని ఎర్లాంగెన్ డాక్టర్లు ఇదే పనిని కడుపులో ఉన్న కవల శిశువుల ఉమ్మనీటిలో ప్రోటీన్ ఎక్కించి చేసినట్టు ప్రకటించారు, పిల్లలకు చెమట పట్టింది, పంటి మొగ్గలూ జబ్బున్న అన్నకన్నా ఎక్కువే కనిపించాయి. 2014లో హెల్సింకీ బృందం ఇంకో అడుగు వేసింది: ఈడీఏ లేని మొగ్గల్ని గిన్నెలో పెంచుతూ ప్రోటీన్ మోతాదును కొంచెం కొంచెంగా పెంచితే గుబ్బలు ఒకటొకటిగా తిరిగొచ్చాయి, అదీ శిలాజాల్లో పళ్ళు మారుతూ వచ్చిన వరసను తలపించేలా.

పళ్ళు పోవడం సరే, ఎక్కువ రావడం ఏమిటి? ఎలుక నోట్లో ఆ బోసి చిగురు నిజానికి ఖాళీ కాదు. పిండంలో అక్కడా మొగ్గలు లేస్తాయి, తర్వాత కొన్ని జీన్లు వాటిని అణచివేస్తాయి, కణాలు చచ్చిపోయి మొగ్గలు కరిగిపోతాయి. ఎలుక పూర్వీకులకు అక్కడ పళ్ళుండేవి, ఆ జాడలే ఇవి. అణచివేసే పని స్ప్రౌటీ అనే జీన్లది: స్ప్రౌటీ2 పైపొరలో, స్ప్రౌటీ4 మెసెన్‌కైమ్‌లో ఉండి ఎఫ్‌జీఎఫ్ సంకేతానికి బ్రేకు వేస్తాయి. 2006లో వీటిలో ఏ ఒక్కటి తీసేసినా దవడ పళ్ళ ముందు అదనపు పన్ను రావడం కనిపించింది. ఇదే జీన్ల కుటుంబంలో మరికొన్ని ప్రతులు తగ్గిస్తే ముందు పన్నుకు ఇంకో చిక్కు వస్తుంది. ఎలుక ముందు పళ్ళకు బయటి వైపే ఎనామిల్ ఉంటుంది, లోపలి వైపు మెత్తగా ఉండి అరిగిపోతుంది, అందుకే అవి జీవితాంతం పెరుగుతున్నా ఉలిలా పదునుగా, సరైన పొడవులో ఉంటాయి. బ్రేకు తగ్గితే లోపలి వైపూ ఎనామిల్ పడుతుంది, అరగదు, పన్ను ఏనుగు దంతంలా బయటికి పెరిగిపోతుంది.

డబ్ల్యూఎన్‌టీ కబురును కణం లోపల మోసే బీటా కెటెనిన్ అనే ప్రోటీన్ మీద బ్రేకు తీసేస్తే ఏమవుతుందో 2006లోనే చూశారు. పైపొరలో దాన్ని ఎప్పుడూ నడుస్తూ ఉండేలా చేస్తే ఒకే మొగ్గ నుంచి డజన్ల కొద్దీ పళ్ళు పుట్టుకొచ్చాయి. చాలావరకు చిన్న శంకువుల్లా, ఏ గుబ్బలూ లేకుండా, పాకే జంతువుల పళ్ళలా. మనుషుల్లో ఇదే దారిలోని ఏపీసీ జీన్ పాడైనవాళ్ళకు పెద్దపేగులో వందల కొద్దీ పాలిప్‌లతో (చిన్న కండ బుడిపెలతో) పాటు కొందరికి అదనపు పళ్ళూ వస్తాయి. అదే దారిలోని ఏఎక్స్ఐఎన్2 జీన్ పాడైన ఒక ఫిన్లాండ్ కుటుంబంలో మాత్రం చాలా పళ్ళు రాలేదు, పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. పళ్ళ డాక్టరు గమనించిన తేడా ఒక్కోసారి పేగు గురించిన హెచ్చరిక అవుతుంది అనడానికి ఇంతకన్నా ఏం కావాలి.

ఎలుకలో జరిగిందే మనిషిలో జరుగుతుందని గుడ్డిగా నమ్మితే దెబ్బతింటాం. ఆర్‌యూఎన్ఎక్స్2 రెండు ప్రతులూ లేని ఎలుకకు పళ్ళు మొగ్గ దశ చివర్లో ఆగిపోతాయి, ఒక్క ప్రతి పాడైన మనిషికి బోలెడు అదనపు పళ్ళు దవడలో ఇరుక్కుని ఉంటాయి. డబ్ల్యూఎన్‌టీ10ఏ ఇంకా విచిత్రం: మనుషుల్లో పుట్టుకతో పళ్ళు తక్కువ కావడానికి తరచూ కనిపించే కారణాల్లో ఇదొకటి, అదే జీన్ లేని ఎలుకకు ఉన్న పళ్ళేవీ పోకపోగా ఒక చిన్న నాలుగో దవడ పన్ను కూడా తరచూ వస్తుంది, గుబ్బలు మాత్రం చదునైపోతాయి. ఒకరికి గ్యాస్ పెడల్‌లా పనిచేసేది ఇంకొకరికి బ్రేకులా ఎలా అయిందన్నది ఇంకా తెగని చిక్కుముడి. మనకు రెండు విడతల పళ్ళు, ఎలుకకు ఒకటే విడత అన్న తేడా ఇందులో కొంతైనా ఉండకపోదు.

ఆ తేడా ఇప్పుడొక మందు దాకా వచ్చి నిలబడింది. యూఎస్ఏజీ1 అనే జీన్ బీఎంపీ, డబ్ల్యూఎన్‌టీ సంకేతాలు రెంటికీ బ్రేకు. అది లేని ఎలుకలకు అదనపు పళ్ళు వస్తాయి. జపాన్‌లో టకహాషి కట్సు బృందం ఆ ప్రోటీన్‌ను పట్టేసుకునే యాంటీబాడీ తయారుచేసి, ఈడీఏ లోపం ఉన్న ఎలుకల్లో రావాల్సిన పళ్ళు తిరిగి రావడం 2021లో చూపించింది. ఎలుకకు రెండో విడత పళ్ళు లేవు కాబట్టి మనలాగే పాలపళ్ళు ఊడే ఫెర్రెట్‌లలో (ముంగిసలా కనిపించే చిన్న జంతువుల్లో) కూడా చూశారు, అక్కడా పన్ను వచ్చింది. 2024లో క్యోటో యూనివర్సిటీ హాస్పిటల్‌లో మనుషుల మీద పరీక్ష మొదలైంది. తొలి విడతలో తీసుకున్నది కనీసం ఒక పన్నైనా లేని, 30 నుంచి 64 ఏళ్ళ మగవాళ్ళను, అక్కడ చూడాలనుకున్నది మందు వల్ల ఒంటికి హాని ఉందా లేదా అన్నదే. బీఎంపీ, డబ్ల్యూఎన్‌టీ ఒళ్ళంతా పనిచేసే సంకేతాలు కాబట్టి ఆ ప్రశ్న చిన్నదేమీ కాదు. పన్ను వస్తుందా అన్నది ఆ తర్వాత, పుట్టుకతోనే పళ్ళు తక్కువైన చిన్నపిల్లల్లో చూడాలని వాళ్ళ ఆలోచన.